పాత సెడాన్‌లో స్టీరింగ్ బరువెక్కింది, మలుపు తిరిగాక నేరుగా రావడం లేదు: ర్యాక్ మార్చాల్సిందేనా?

పద్నాలుగేళ్ల_బండి

14 ఏళ్లుగా నా దగ్గరే ఉన్న మిడ్‌సైజ్ సెడాన్ ఇప్పటికి 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. పంపు, బెల్టు, ఆయిల్ ఉండే పాతకాలపు హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ దానిది. రెండు నెలలుగా దాని నడత మారింది. ఉదయం ఇంజిన్ స్టార్ట్ చేయగానే బానెట్ కింది నుంచి నిమిషం పాటు మూలుగు లాంటి శబ్దం వస్తుంది, స్టీరింగ్ తిప్పితే ఆ మూలుగు ఇంకా పెరుగుతుంది. పార్క్ చేసేటప్పుడు స్టీరింగ్ బరువుగా ఉంటుంది, అయితే ఆ బరువు అంతటా ఒకేలా ఉండదు. అన్నిటికంటే నన్ను భయపెడుతున్నది మూడో విషయం. మలుపు తిరిగి చేయి వదిలితే స్టీరింగ్ దానంతట అది నేరుగా రావడం మానేసింది, నేనే తిప్పి తీసుకురావలసి వస్తోంది.

వర్క్‌షాపులో చూపిస్తే, బండిని పైకి ఎత్తకుండానే, స్టీరింగ్‌ను రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, "ర్యాక్ పోయింది, మొత్తం మార్చాలి" అని తేల్చేశారు. నేల మీద ఒక్క ఆయిల్ చుక్క కూడా పడటం లేదు. ట్యాంకులో ఆయిల్ కింది గీతకు కొంచెం పైన ఉంటే పై గీత దాకా నింపాను, తేడా ఏమీ కనిపించలేదు. ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కలకు జరిగి ముందు చక్రాలను మళ్లించే పళ్ల కడ్డీ) మార్పించడం చిన్న ఖర్చు కాదు కాబట్టి, అంతకు ముందు చూసుకోవలసినవి ఏమైనా ఉన్నాయా అని తెలిసినవారిని అడుగుతున్నాను.

గ్రీజుచేతులు

స్టీరింగ్ తిప్పి చూసినంత మాత్రాన ర్యాక్ పోయిందని చెప్పగలిగితే నేను ఇన్నేళ్లు బండ్ల కింద పడుకోవలసిన అవసరమే ఉండేది కాదు. ముందుగా నాలుగు సంగతులు చెప్పండి. ఇంజిన్ నడుస్తుండగా ట్యాంకు మూత తీసి చూస్తే ఆయిల్‌లో నురగ కనిపిస్తోందా? బరువు చల్లగా ఉన్నప్పుడు మాత్రమేనా, అరగంట నడిపిన తర్వాత కూడా ఉందా? రెండు వైపులా ఒకే తీరుగా ఉందా? ర్యాక్ రెండు చివరలా ఉండే రబ్బరు బూట్లను, అంటే తొడుగులను, వేళ్లతో నొక్కితే లోపల ఆయిల్ కదులుతున్నట్లు తెలుస్తోందా? నేల మీద చుక్క పడలేదు కాబట్టి ర్యాక్ కారడం లేదని మాత్రం అనుకోవద్దు. చివరి సీలు పోయినప్పుడు ఆయిల్ ముందుగా ఆ బూటులోనే చేరుతుంది, బూటు చిరిగితేనే బయటికి వస్తుంది.

స్పానర్_పన్నెండు

నా బండిలో అచ్చం ఇవే లక్షణాలు కనిపించాయి. ర్యాక్ మార్పించాను, మరునాటి నుంచి స్టీరింగ్ కొత్త బండిలా తిరిగింది. ఇంకా ఆలోచిస్తూ కూర్చుంటే పంపు కూడా పోతుంది, అప్పుడు రెండూ మార్చవలసి వస్తుంది. మీ మెకానిక్ చెప్పినది నిజమే అయి ఉంటుందని నా నమ్మకం.

లెక్కలమనిషి

స్పానర్ గారి అనుభవాన్ని కాదనను గానీ, ఇక్కడ రెండు వేరు వేరు జబ్బులను ఒకే పేరుతో పిలుస్తున్నామని నా అనుమానం.

హైడ్రాలిక్ స్టీరింగ్‌లో మన చేతికి, ర్యాక్‌కు మధ్య ఒక సన్నని ఉక్కు కడ్డీ ఉంటుంది. మనం తిప్పినప్పుడు అది రవ్వంత మెలిపడుతుంది. ఆ మెలిక వల్ల వాల్వు తెరుచుకొని, పంపు నుంచి వచ్చిన ఆయిల్ ర్యాక్‌లోని పిస్టన్‌కు ఒక పక్కకు చేరి దానిని నెడుతుంది. ఈ సాయం తగ్గితే స్టీరింగ్ బరువెక్కుతుంది. బెల్టు జారినా, ఆయిల్ తగ్గినా, ఆయిల్‌లో గాలి చేరినా, పంపు అరిగినా, వాల్వు పాడైనా కనిపించేది ఆ బరువే.

చేయి వదలగానే స్టీరింగ్ నేరుగా రావడం పంపు చేసే పని కాదు. ముందు చక్రం ఏ ఇరుసు చుట్టూ మళ్లుతుందో ఆ ఇరుసు పైభాగం కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది, దానినే క్యాస్టర్ అంటారు. బండి ముందుకు కదులుతున్నప్పుడు ఆ వాలు వల్లనే చక్రాలు నేరుగా రావడానికి ప్రయత్నిస్తాయి. ఆ ప్రయత్నాన్ని ఎక్కడో ఏదో బిగుతు అడ్డుకుంటే స్టీరింగ్ ఉన్నచోటే ఆగిపోతుంది. ఆ బిగుతు స్ట్రట్ (ముందు చక్రం మీద స్ప్రింగు, షాక్ అబ్సార్బర్ కలిసి ఉండే స్తంభం) పైనున్న బేరింగులో ఉండవచ్చు, చక్రం మళ్లడానికి వీలిచ్చే కింది బంతి కీలులో (బాల్ జాయింటు) ఉండవచ్చు, స్టీరింగ్ కాలమ్‌ను ర్యాక్‌కు కలిపే మధ్య షాఫ్టు క్రాస్ జాయింటులో (వంపులో కూడా తిప్పుడును అందించే కీలు) ఉండవచ్చు, ర్యాక్‌లోనే ఉండవచ్చు. ప్రశ్న వేసినవారు "బరువు అంతటా ఒకేలా ఉండదు" అని రాసిన ఆ ఒక్క మాట నన్ను ఆపింది.

సందేహజీవి

వయసు మీద పడ్డాక ఒక పక్కకు ఒరిగితే మళ్లీ నేరుగా కావడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఆ స్టీరింగ్‌ను చూస్తే జాలి వేస్తోంది.

పద్నాలుగేళ్ల_బండి

గ్రీజుచేతులు గారు అడిగినవన్నీ ఈ ఉదయం చూశాను. నురగ ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేసిన అర నిమిషానికే ఆయిల్ పైన సన్నని బుడగలు తేలుతున్నాయి, ఆయిల్ రంగు కూడా పాలిపోయినట్లు కనిపిస్తోంది. బూట్లు రెండూ పొడిగా ఉన్నాయి, నొక్కితే గాలి తప్ప ఏమీ తగలలేదు. మూలుగు మొదటి నిమిషానికే పరిమితం గానీ, బరువు మాత్రం గంట నడిపిన తర్వాత కూడా అలాగే ఉంది. రెండు వైపులా ఉంది.

గ్రీజుచేతులు

నురగ ఉందంటే పంపు గాలి పీలుస్తోంది. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే గొట్టంలో ఒత్తిడి ఉండదు, పైగా లాగుడు ఉంటుంది. అందువల్ల అక్కడ సందు ఏర్పడితే ఆయిల్ బయటికి రావడానికి బదులు గాలి లోపలికి పోతుంది. మీకు నేల మీద చుక్క కనిపించకపోవడానికి కారణం అదే. పంపు దగ్గర ఆ గొట్టం కలిసే చోట ఒక చిన్న రబ్బరు ఓ-రింగు ఉంటుంది, ఇన్నేళ్ల వేడికి అది గట్టిపడి పట్టు వదిలేస్తుంది. ఉదయం ఆయిల్ చిక్కగా ఉంటుంది కనుక పంపు గట్టిగా లాగవలసి వస్తుంది, గాలి ఎక్కువగా చేరుతుంది, మూలుగు వినిపిస్తుంది. ట్యాంకు అడుగున జాలీ ఉండే రకమైతే అది మూసుకుపోయినా ఇదే శబ్దం వస్తుంది కాబట్టి దానినీ చూడండి.

ఇక బరువు సంగతి. ముందు చక్రాలు రెండూ గాలిలో ఉండేలా బండిని ఎత్తండి, జాకీ మీద వదిలేయకుండా స్టాండ్లు పెట్టండి. తాళం తిప్పి స్టీరింగ్ లాకు తీసి, ఇంజిన్ ఆపి ఉంచండి. స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడు దాని పైభాగంలో చిన్న టేపు ముక్క అంటించండి. తర్వాత రెండు వేళ్లతో చాలా నెమ్మదిగా ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పుతూ, బిగుతు తగిలిన ప్రతిసారీ టేపు ఎక్కడ ఉందో రాసుకోండి. ఆ కాగితమే మనకు జవాబు చెబుతుంది.

స్పానర్_పన్నెండు

ఇంజిన్ ఆపి తిప్పితే ఏ పవర్ స్టీరింగ్ అయినా బరువుగానే ఉంటుంది కదా. ఆ పరీక్ష వల్ల తేలేది ఏముంటుంది?

లెక్కలమనిషి

చక్రాలు గాలిలో ఉంటే నేల రాపిడి ఉండదు కనుక మిగిలేది ఆయిల్‌ను అటూ ఇటూ నెట్టడానికి పట్టే బరువు మాత్రమే. అది మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటుంది. ఒకేలా లేకపోతే అక్కడే దొంగ దొరికినట్లు.

పవర్ పోయిన స్టీరింగ్ అసలు పవర్ లేని పాత బండ్ల స్టీరింగ్ కంటే బరువుగా ఎందుకు ఉంటుందో కూడా ఇందులోనే తెలుస్తుంది. పవర్ లేని బండిలో ఒక చివర నుంచి ఇంకో చివరకు 4 చుట్లకు పైగా తిప్పవలసి వచ్చేది, మన బండ్లలో 3 చుట్లతో పని అయిపోతుంది. తిప్పే దూరం తగ్గిన కొద్దీ బలం ఎక్కువ పెట్టాలి, ఆ తేడాను ఆయిల్ భరిస్తుంది. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌లో పవర్ స్టీరింగ్ అమ్మకానికి వచ్చిన నాటి నుంచీ మనం ఆ సుఖానికి అలవాటు పడిపోయాం.

రాత్రిప్రయాణం

నాది కూడా 11 ఏళ్ల సెడానే, అయితే ఎలక్ట్రిక్ స్టీరింగ్. ఆయిల్, పంపు లేవు కనుక ఈ బాధలు ఉండవని సంతోషించేవాడిని. ఇరుకు చోట పార్క్ చేస్తూ పదేపదే అటూ ఇటూ తిప్పితే స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కుతోంది, పది నిమిషాల తర్వాత మామూలుగా మారుతోంది. కొన్ని ఉదయాలు స్టార్ట్ చేయగానే స్టీరింగ్ గుర్తు వెలిగి ఆరిపోతోంది. మోటారు మార్చాలన్నారు.

లెక్కలమనిషి

మీరు చెప్పిన రెండింటికీ మోటారు మార్చవలసిన అవసరం లేకపోవచ్చు. చాలాసేపు ఆపకుండా తిప్పినప్పుడు మోటారు వేడెక్కుతుంది, అది కాలిపోకుండా కంట్రోల్ యూనిటే సాయాన్ని తగ్గిస్తుంది. చల్లబడ్డాక తిరిగి ఇస్తుంది. నాలుగైదుసార్లు తిప్పగానే అలా జరిగితే మాత్రం ఎక్కడో బిగుతు ఉండి మోటారు అవసరానికి మించి శ్రమపడుతోందా అని చూడాలి.

ఉదయం వెలిగే గుర్తుకు బ్యాటరీని అనుమానించండి. పార్కింగ్‌లో స్టీరింగ్ మోటారు క్షణకాలం 60 ఆంపియర్లు కూడా లాగగలదు. ముసలి బ్యాటరీ అంత లాగుడుకు తట్టుకోలేదు, వోల్టేజి పడిపోగానే యూనిట్ అలిగి గుర్తు వెలిగిస్తుంది. రాత్రంతా నిలిపిన బండిలో బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14 వోల్టుల దరిదాపుల్లో చూపించాలి. ఎర్త్ వైరు బిగింపును కూడా విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించండి.

సందేహజీవి

ఆంపియర్లు లాగి అలిగే యూనిట్‌నూ, గాలి పీల్చి మూలిగే పంపునూ చూస్తుంటే వీటికి మెకానిక్ కంటే ముందు వైద్యుడు అవసరమేమో అనిపిస్తోంది.

సాయంత్రం_షికారు

చర్చ మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోకండి. నా సెడాన్ స్టీరింగ్ తేలికగానే ఉంది గానీ, ఎప్పుడూ ఎడమ పక్కకే లాగుతుంది. చదునైన రోడ్డు మీద చేతులు వదిలితే కొద్ది క్షణాల్లోనే గీత దాటేస్తుంది. మూడుసార్లు వీల్ అలైన్‌మెంట్ చేయించాను, మూడుసార్లూ కాగితం మీద అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. గాలి కూడా సమానంగానే ఉంది. ఇప్పుడు కింది ఆర్మ్‌లు (చక్రాన్ని బండికి కలిపే చేతులు) మార్చమంటున్నారు.

గ్రీజుచేతులు

మీరు నాలుగోసారి అలైన్‌మెంట్ చేయించే లోపు ముందు టైర్లు రెండింటినీ ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి నడిపి చూడండి. లాగుడు కుడికి మారితే దోషం టైరుది. లోపలి తీగల పొరలు రవ్వంత పక్కకు ఉన్న టైరు శంకువు దొర్లినట్లు ఒక పక్కకు దొర్లుతుంది, దానిని ఏ అలైన్‌మెంట్ యంత్రమూ చూపించదు. పక్క గోడ మీద బాణం గుర్తు ఉండే టైర్లయితే ఇలా మార్చకూడదు, అదే పక్కన వెనక టైరును ముందుకు తెచ్చి చూడండి. లాగుడు మారకపోతే కాసేపు నడిపాక ముందు చక్రాల దగ్గర చేయి ఆనించకుండా వేడి గమనించండి, ఎడమది ఎక్కువ వేడెక్కితే అక్కడి బ్రేకును నొక్కిపట్టే క్యాలిపర్ వదలడం లేదని అర్థం.

మెత్తనిబ్రేకు

టైర్ల మాట వచ్చింది కనుక వాటి వయసు కూడా చూసుకోండి. పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2315 అని ఉంటే అది 2015లో 23వ వారంలో తయారైన టైరు. అచ్చులు లోతుగా ఉన్నా గట్టిపడిన టైరు స్టీరింగ్‌ను నిలకడగా ఉండనివ్వదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఇక్కడ అందరూ బరువు గురించే రాస్తున్నారు, నన్ను దెబ్బతీసినది తేలిక. నా పాత సెడాన్‌లో స్టీరింగ్ మధ్యలో కొంత లూజుగా ఆడేది, బండి పాతది కదా అని సరిపెట్టుకున్నాను. ఒక రోజు పార్కింగ్ నుంచి వెనక్కి తీస్తుండగా ముందు నుంచి 'టప్' అని శబ్దం వచ్చింది. దిగి చూస్తే ఒక చక్రం నేరుగా, ఇంకొకటి పూర్తిగా పక్కకు తిరిగి ఉన్నాయి. ర్యాక్‌ను చక్రానికి కలిపే టై రాడ్ చివరి కీలులోని బంతి దాని గూట్లోంచి ఊడిపోయింది. దాని రబ్బరు బూటు చిరిగి ఏడాది అయి ఉంటుందని, లోపల గ్రీజుకు బదులు ఇసుకే ఉందని తర్వాత తెలిసింది. అదే పని 80 కిలోమీటర్ల వేగంలో జరిగి ఉంటే ఈ పోస్టు రాసేవాడిని కాదు.

గ్రీజుచేతులు

మెత్తనిబ్రేకు గారు రాసినది అందరూ రెండుసార్లు చదవండి. చక్రం గాలిలో ఉన్నప్పుడు గడియారంలో 9, 3 అంకెల స్థానాల్లో పట్టుకొని ఊపితే ఆట కనిపించినప్పుడు టై రాడ్‌లను అనుమానించాలి. 12, 6 స్థానాల్లో పట్టుకొని ఊపితే కనిపించే ఆట బాల్ జాయింటుది గానీ, వీల్ బేరింగుది గానీ అయి ఉంటుంది. బరువైన స్టీరింగ్‌తో వర్క్‌షాపు దాకా నడుపుకుంటూ వెళ్లవచ్చు, ఊడబోయే టై రాడ్‌తో వెళ్లకూడదు.

స్పానర్_పన్నెండు

గాలి పీల్చడం, సీలు కారడం లాంటి వాటికి ట్యాంకులో పోసే లీక్ ఆపే మందు ఒకటి దొరుకుతుంది. మా ఇంట్లోని ఇంకో బండికి అది పోసి 8 నెలలు నడిపాం. పద్నాలుగేళ్ల_బండి గారు ముందు అది ప్రయత్నించవచ్చు కదా.

గ్రీజుచేతులు

ఆ మందు రబ్బరు సీళ్లను ఉబ్బించి పట్టు తెప్పిస్తుంది. ఉబ్బిన రబ్బరు మెత్తబడి, కొన్నాళ్లకు అన్ని సీళ్లూ ఒకేసారి వదిలేస్తాయి. అమ్మేయబోయే బండికి పోసేవారు ఉన్నారు, ఉంచుకోబోయే బండికి నేను పోయను.

స్పానర్_పన్నెండు

8 నెలల్లో ఏ సీలూ వదలలేదని నేను చెబుతున్నాను, మీరు వదులుతాయని చెబుతున్నారు. ఈ ఒక్క విషయంలో మనం ఏకీభవించలేం.

గ్రీజుచేతులు

అలాగే కానివ్వండి. పొరపాటున బ్రేక్ ఆయిల్ మాత్రం ఆ ట్యాంకులో పోయకండి, ఆ సీళ్ల రబ్బరు దానికి తట్టుకోదు. ఎర్రగా ఉండే ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్ అన్ని పంపులకూ సరిపోతుందన్నది కూడా నిజం కాదు, ఏది పోయాలో ట్యాంకు మూత మీదో, మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది.

పద్నాలుగేళ్ల_బండి

నిన్న సాయంత్రం బండిని ఎత్తి టేపు పరీక్ష చేశాను. మా తమ్ముడు కాగితం పట్టుకొని కూర్చున్నాడు, నేను రెండు వేళ్లతో తిప్పాను. టేపు గడియారంలో 2 అంకె దగ్గరకు రాగానే ఎవరో చక్రాన్ని పట్టుకున్నట్లు బిగుసుకుంది, దాటగానే వదిలింది. మళ్లీ 8 దగ్గర అదే తీరు. రెండో చుట్టులో కూడా 2, 8. వెనక్కి తిప్పినా 2, 8. కాగితం నిండా ఆ రెండు అంకెలే ఉన్నాయి.

లెక్కలమనిషి

ఒక చుట్టుకు సరిగ్గా రెండుసార్లు, ఎదురెదురుగా, అంటే 180 డిగ్రీల ఎడంలో. ర్యాక్‌లో పళ్లు అరిగినా, వంగినా బిగుతు మొత్తం ప్రయాణంలో ఒకచోట తగులుతుంది, ప్రతి చుట్టుకూ అదే గడియారపు అంకె దగ్గర తగలదు. చుట్టుకు రెండుసార్లు బిగిసే భాగం ఆ దారిలో క్రాస్ జాయింటు ఒక్కటే. వంపులో తిరిగే క్రాస్‌లోని ఒక ఇరుసు పట్టేస్తే అర్ధ చుట్టుకు ఒకసారి అది మొరాయిస్తుంది.

స్పానర్_పన్నెండు

లెక్క బాగానే ఉంది గానీ, ఒక అభ్యంతరం ఉంది. పాత ర్యాక్‌లలో వాల్వు చుట్టూ ఉండే సీలు రింగులు లోహాన్నే అరగదీసి గాడి చేస్తాయని, దాని వల్ల ఆయిల్ పక్కదారి పట్టి ఉదయం స్టీరింగ్ బిగుసుకుంటుందని నేను ర్యాక్ మార్పించినప్పుడు చెప్పారు. అది అబద్ధమా?

గ్రీజుచేతులు

అబద్ధం కాదు, అలాంటి ర్యాక్‌లు నేనే చాలా మార్చాను. అయితే ఆ జబ్బు చల్లగా ఉన్నప్పుడు కనిపించి, వేడెక్కాక పోతుంది. తరచుగా ఒక పక్కకు తిప్పినప్పుడే ఎక్కువగా ఉంటుంది, 2 అంకె, 8 అంకె అని చూసుకోదు. ఈ బండిలో గంట తర్వాత కూడా బరువు పోలేదు.

పద్నాలుగేళ్ల_బండి గారూ, పెడల్స్ పైన, కాలమ్ కింది చివరన ఒక చిన్న షాఫ్టు, దానికి రెండు వైపులా క్రాస్‌లు కనిపిస్తాయి. విప్పే ముందు మూడు జాగ్రత్తలు తీసుకోండి. చక్రాలను నేరుగా పెట్టి, సీటు బెల్టును స్టీరింగ్‌లోంచి దూర్చి బిగించి అది తిరగకుండా కట్టండి. షాఫ్టు విడిపోయాక స్టీరింగ్ ఊరికే గిర్రున తిరిగితే లోపల ఎయిర్‌బ్యాగుకు, హారన్‌కు తీగలు మోసే క్లాక్ స్ప్రింగ్ తెగిపోతుంది. షాఫ్టు మీద, ర్యాక్ మొన మీద కలిసేలా ఒకే పెయింటు గీత గీయండి. బిగింపు బోల్టును వదులు చేస్తే చాలదు, పూర్తిగా తీయాలి, ఎందుకంటే అది మొన మీద గాడిలో కూర్చుని ఉంటుంది.

పద్నాలుగేళ్ల_బండి

తీశాను. బోల్టు తల 12 మిల్లీమీటర్లది.

స్పానర్_పన్నెండు

ఇన్ని రోజుల చర్చలో ఇప్పటికి నా పేరు ఎవరికో పనికొచ్చింది.

పద్నాలుగేళ్ల_బండి

ఆ షాఫ్టు ఇప్పుడు నా ముందు బల్ల మీద ఉంది. పై క్రాస్‌ను ఎటు వంచితే అటు తన బరువుకు తానే వాలిపోతోంది. కింది క్రాస్ సంగతి వేరు. ఒక దిశలో అదీ వాలుతోంది, ఇంకో దిశలో మాత్రం వంచిన చోటే నిలబడిపోతోంది, కదపడానికి రెండు చేతులూ కావలసి వచ్చింది. వంచినప్పుడల్లా ఆ మూల నుంచి ఎర్రటి తుప్పు పొడి రాలుతోంది. షాఫ్టు లేకుండా చక్రాలను చేత్తో పట్టుకొని అటూ ఇటూ తిప్పాను, ర్యాక్ ఎక్కడా తగలకుండా నున్నగా జరిగింది. దానిని మార్చమన్నారని తలచుకుంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం గుర్తొచ్చింది.

తుప్పు వదిలించే నూనె కొట్టి, కదిపి, మళ్లీ బిగించవచ్చా?

గ్రీజుచేతులు

నూనె కొడితే రెండు వారాలు బాగుంటుంది. లోపలి సూది బేరింగులు తుప్పు పట్టాక వాటికి నూనె ఊరట మాత్రమే, మళ్లీ బిగుస్తుంది. షాఫ్టు కొత్తది వేయండి. కింద నీళ్లు పడకుండా కాపాడే రబ్బరు తొడుగు చిరిగి ఉంటుంది, అదీ మార్చండి, లేకపోతే కొత్త క్రాస్‌కూ అదే గతి పడుతుంది.

సాయంత్రం_షికారు

టైర్లు అటు ఇటు మార్చాను. ఇప్పుడు బండి కుడికి లాగుతోంది! ఆర్మ్‌లు మార్చమన్నవారికి ఈ మాట చెబితే కాసేపు మౌనంగా ఉండి, "అలా కూడా జరుగుతుంది" అన్నారు. ఆ టైరు తయారై తొమ్మిదేళ్లయింది. ముందు జత రెండూ మార్చేస్తున్నాను.

రాత్రిప్రయాణం

నాది బ్యాటరీయే. ఉదయం 11.9 చూపించింది. కొత్తది వేసి పది రోజులైంది, గుర్తు వెలగలేదు. పార్కింగ్ బరువు మాత్రం అప్పుడప్పుడు ఉంది, ఆ టేపు పరీక్ష నేనూ చేసి చూస్తాను.

పద్నాలుగేళ్ల_బండి

కొత్త షాఫ్టు వేశాను. మొదటి మలుపు తిరిగి చేయి కొంచెం వదులు చేయగానే స్టీరింగ్ నా అరచేతుల కింద నుంచి జారుతూ నేరుగా వచ్చేసింది. ఇది ఇలా వచ్చేదని నేను మరిచిపోయాను.

మూలుగు అలాగే ఉంటే మరునాడు పంపు దగ్గరి గొట్టం విప్పి ఓ-రింగు తీశాను. గుండ్రంగా ఉండవలసిన రబ్బరు నాలుగు పలకలుగా చదునైపోయింది, గోటితో నొక్కితే గుంట పడలేదు, వంచితే రెండుగా విరిగింది. కొత్తది వేసి, ముందు చక్రాలు ఎత్తి, ఇంజిన్ ఆపి ఉంచి చివర నుంచి చివరకు 20 సార్లు నెమ్మదిగా తిప్పాను. ప్రతి నాలుగైదుసార్లకు ట్యాంకులో బుడగలు లేచేవి, ఆయిల్ మట్టం కొద్దిగా తగ్గేది, మళ్లీ నింపాను. ఆ తర్వాత స్టార్ట్ చేస్తే నురగ లేదు, మూలుగు లేదు.

ఒక చిన్న తేడా మిగిలింది. నేరుగా పోతున్నప్పుడు స్టీరింగ్ కొంచెం కుడికి వంగి ఉంటోంది. స్టీరింగ్‌ను ఊడదీసి నేరుగా పెట్టేస్తే సరిపోతుందా?

లెక్కలమనిషి

అలా చేయకండి. స్టీరింగ్ మధ్యస్థానం, ర్యాక్ మధ్యస్థానం, క్లాక్ స్ప్రింగ్ మధ్యస్థానం మూడూ ఒకటిగా ఉండాలి. స్టీరింగ్‌ను మాత్రమే తిప్పి పెడితే ఇండికేటరు దానంతట అది ఆరడంలో తేడా వస్తుంది, ఒక పక్క మలుపులో క్లాక్ స్ప్రింగ్ చివరి దాకా సాగుతుంది. మొనకు 36 పళ్లు ఉంటే ఒక పల్లు తప్పు కూర్చున్నప్పుడు స్టీరింగ్ 10 డిగ్రీలు వంగుతుంది. మీ వంపు అంత ఉందా?

పద్నాలుగేళ్ల_బండి

సుమారుగా అంతే ఉంది. మళ్లీ కిందికి దూరి చూస్తే తప్పు తెలిసింది. నేను పెయింటు గీత పాత షాఫ్టు మీద గీశాను, కొత్తదానికి ఆ గీత ఎక్కడి నుంచి వస్తుంది! పాతదానిని పక్కన పెట్టి కొలుచుకొని ఒక పల్లు వెనక్కి జరిపాను, ఇప్పుడు నేరుగా ఉంది.

స్పానర్_పన్నెండు

నేను ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ చర్చ చదివాక నా పాత బిల్లు వెతికి తీశాను. ర్యాక్ కింద రెండో వరుసలో, చిన్న అక్షరాలతో, "స్టీరింగ్ మధ్య షాఫ్టు: 1" అని రాసి ఉంది. ఆ రోజు రెండూ మార్చారన్నమాట. నా స్టీరింగ్‌ను బాగుచేసినది ఏదో ఇప్పుడు తేల్చడానికి పాత ర్యాక్ నా దగ్గర లేదు.

సందేహజీవి

లీక్ ఆపే మందు బిల్లు కూడా ఒకసారి తీసి చూడండి.

పద్నాలుగేళ్ల_బండి

అంతా నిశ్శబ్దమయ్యాక ఇంతకాలం వినపడని ఇంకో శబ్దం వినిపిస్తోంది. నిలబడిన బండిలో స్టీరింగ్ తిప్పితే ఎడమ ముందు చక్రం వైపు నుంచి, సగం చుట్టుకు ఒకసారి, 'టంగ్' అని తీగ మీటినట్లు వస్తుంది. బండి కదులుతుంటే రాదు.

గ్రీజుచేతులు

అది స్ట్రట్ పైనున్న బేరింగు. అది పట్టేస్తే స్ప్రింగు స్ట్రట్‌తో పాటు తిరగకుండా మెలిపడి, ఒక్కసారిగా విడిపోతుంది. ఇంకొకరితో స్టీరింగ్ తిప్పించి, ఎడమ స్ప్రింగు మీద చేతి వెనక భాగాన్ని ఆనించి చూడండి. చుట్ల మధ్యకు వేళ్లు మాత్రం పోనివ్వకండి.

పద్నాలుగేళ్ల_బండి

మా తమ్ముడు స్టీరింగ్ తిప్పాడు, నేను చేయి ఆనించాను. స్ప్రింగు కాసేపు కదలకుండా బిగబట్టి, చేతి కింద ఎగిరిపడింది. కుడి పక్కది నెమ్మదిగా, స్ట్రట్‌తో పాటే తిరిగింది. రెండు వైపులకూ బేరింగులు తెప్పిస్తున్నాను. స్ప్రింగును నొక్కిపట్టే పరికరం నా దగ్గర లేదు, ఆ పని నాకు చేతకాదు కూడా, కాబట్టి ఈసారి వర్క్‌షాపుకే వెళ్తాను. ఏం మార్చాలో మాత్రం నేనే చెబుతాను.